రామగిరి మీద దారి గుర్తు

పెద్దపల్లి నుంచి మంథని పోయే దారిలో, బేగంపేట దగ్గర ఉంది రామగిరి ఖిల్లా. వనమూలికలకు పెట్టింది పేరు. మొన్న కార్తీకంలో మా కాలేజీ వృక్షశాస్త్రం పిల్లల వెంట నేనూ ఎక్కాను. (తెలుగు లెక్చరర్‌కు మూలికలతో పనేమిటంటారా? పేర్లు రాసుకోవడానికి లెండి!)

ప్రతి మొక్క ఉన్న చోటునూ ఫోనులో గుర్తు పెట్టాలి. ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు విని ఫోను లెక్క కడుతుంది. ఆరుబయట అయిదారు మీటర్ల తేడాలో చోటు చెబుతుంది. చెట్ల కింద తడబడుతుంది. క్షణక్షణమూ వింటూండడంతో మధ్యాహ్నానికే బ్యాటరీ సగమైంది. దిగేటప్పుడు దారి చూపవలసిందీ అదే ఫోనాయె!

గోదావరిఖని కుర్రవాడొకడు దాన్ని అందుకున్నాడు. తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడట.

"షిఫ్టంతా క్యాప్ ల్యాంప్ వెలగాలి సార్, ఇదీ అంతే" అంటూ యాప్‌లో అమరిక మార్చాడు. నడుస్తున్నప్పుడు నిమిషానికోసారి, మొక్క దగ్గర మాత్రం నిఖరంగా, సద్దులు విప్పితే బంద్. ఉపగ్రహాల జాడ ఫోనుకు కొన్ని గంటలు గుర్తుంటుంది గనుక మళ్లీ అందుకోవడం ఆలస్యం కాలేదు.

అయితే మలుపులన్నీ ఎగిరిపోయాయి. ఒకచోట గీత తిన్నగా బండల మీదుగా పోయింది! అక్కడ కాలిబాటనే నమ్ముకున్నాం. చీకటిపడే వేళకు బేగంపేట చేరాం. బ్యాటరీ పదకొండు శాతం మిగిలింది.