గవాక్షం మొరాయించినప్పుడు

గవాక్షమన్న మాటలో ఎద్దు కన్ను ఉన్నది. గోశబ్దానికి అవఙాదేశం వచ్చి, అక్షిశబ్దంతో సమసించి ఆ రూపం సిద్ధించిందని తరగతిలో ఎన్నో ఏళ్ళు చెప్పాను. ఆ కంటికి రెప్ప బిగుసుకుపోతే ఏమవుతుందో మాత్రం మా పాత మారుతి 800 నేర్పింది.

2006లో కొన్న బండి అది. 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కిన ఆ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా మా పల్నాటి రోడ్లమీద ఇప్పటికీ అక్కడక్కడ కనబడుతూనే ఉంటుంది. మా అబ్బాయి అమ్మివేయమని పోరుతున్నాడు. నా శ్రీమతి ఒప్పుకోదు. ఆమెకు ఘాటురోడ్డంటే తలతిరుగుడు, ఏసీ గాలి అంటే ఉక్కిరిబిక్కిరి. ముఖానికి బయటిగాలి తగిలితేనే ఆమెకు ప్రయాణం. నిరుడు కార్తికంలో దోర్నాల దాటి శ్రీశైలం మలుపులు ఎక్కుతుండగా ఆమె వైపు అద్దం నాలుగు వేళ్ళ మేర దిగి ఆగిపోయింది. "ఏమండీ, ఆపండి" అన్న మాట కూడా ఆమె నోట పూర్తిగా రాలేదు. బండి పక్కకు తీసి, ఒక చెట్టునీడన రాతిమీద కూర్చోబెట్టి, తల పట్టుకొని అరగంట నిలుచున్నాను. అది మొదలు ఆమె కారెక్కగానే, వీధి చివరకైనా సరే, ముందు అద్దం దించి చూచుకొంటుంది.

ఊళ్ళో ఒక మెకానిక్కు తలుపు విప్పకుండానే "విండో మిషను పోయింది మాస్టారూ, మార్చవలసిందే" అని తీర్పు చెప్పాడు. మరొక పెద్దాయన మాత్రం నన్ను హ్యాండిలు తిప్పమని, తాను అద్దానికి రెండువైపులా అరచేతులు ఆనించి మెల్లగా పైకి లేపాడు. అద్దం కదిలింది. "మిషను బాగానే ఉంది, రబ్బరు పట్టేసింది" అన్నాడు. పరీక్ష అంటే అదీ! హ్యాండిలు ఊరికే తిరుగుతూ అద్దం కదలకపోతే దోషం లోపలి యంత్రానిది. అద్దం ఒక పక్కకు ఒరుగుతూ లేస్తే దానిని పట్టుకొన్న బిగింపులది. తిన్నగానే నడుస్తూ బిగువుగా ఉంటే చాలావరకు రబ్బరు గాడిదే తప్పు.

ఆ గాడి లోపల సన్నని నూగు ఉంటుంది. అద్దం దానిమీద జారుతుంది. మా ప్రాంతపు ఎండకు రబ్బరు గట్టిపడుతుంది, దుమ్ము ఆ నూగులో చేరి వానతడికి అట్టకడుతుంది. అద్దం పూర్తిగా దించి, పాత పళ్ళబ్రష్షుతోనూ, పలుచని బద్దకు చుట్టిన తడిగుడ్డతోనూ గాడి పొడవునా తుడవాలి. మూడు పర్యాయాలు తుడిచినా గుడ్డ నల్లగానే వచ్చింది. బాగా ఆరిన పిమ్మట సిలికాన్ స్ప్రే సన్నగొట్టంతో గాడిలోనికి కొద్దిగా కొట్టి, అద్దాన్ని ఐదారుమార్లు ఎక్కించి దించి, అద్దానికి అంటినది తుడిచివేయాలి.

సంస్కృతంలో స్నేహమంటే నూనె కూడాను. కాని ఈ రబ్బరుకు ఆ స్నేహం పనికిరాదు. ఇంజినాయిలూ గ్రీజూ పూస్తే నాలుగు రోజులు హాయిగా జారుతుంది, తరువాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్ము జిడ్డుతో కలిసి అడుసవుతుంది. గ్రీజు స్థానం తలుపు లోపలి ఇనుపచేతులమీద. అది పూయాలంటే తలుపు అట్ట విప్పాలి. అందుకు ముందు హ్యాండిలు ఊడదీయాలి. హ్యాండిలు వెనుక ఒక చిన్న తీగ క్లిప్పు దాగి ఉంటుంది. హ్యాండిలుకూ అట్టకూ నడుమ గుడ్డపేలిక దూర్చి, చల్ల చిలికినట్లు అటూ ఇటూ లాగితే ఆ క్లిప్పు టప్పున ఎగిరిపడుతుంది. ఎటు పడిందో చూచుకోవాలి సుమండీ! మాది తులసికోటలో దొరికింది.

తలుపు అడుగున నీరు పోయే చిన్నరంధ్రాలు ఉంటాయి. మట్టి పూడితే వాననీరు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. పనిలోపనిగా వాటిని కూడా పుల్లతో పొడిచాను. బిగిసిన హ్యాండిలును బలంగా తిప్పితే దాని పళ్ళు అరుగుతాయి. మోటారు అద్దాల వారు బొత్తాన్ని అదేపనిగా నొక్కి ఉంచితే మోటారు వేడెక్కుతుంది.

ఖర్చు ఒక స్ప్రేడబ్బా, ఒక ఆదివారపు ఉదయం. శ్రీమతి ఎక్కి కూర్చుని, రెండు వేళ్ళతో హ్యాండిలు తిప్పి, అద్దం అడుగంటా దించింది. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం అబ్బాయితో ఫోనులో, ఈసారి కార్తికానికి శ్రీశైలం మన కారులోనే వెళుతున్నామని చెబుతుండగా విన్నాను. వెనుకవైపు కుడి అద్దం ఇంకా కీచుమంటూనే ఉన్నది. దానికి వచ్చే ఆదివారం ముహూర్తం.