ముల్లు లేస్తుంది, బండి లేవదు

డెన్వర్ నుంచి పడమటికి ఐ-70 పట్టుకుంటే ఐజెన్‌హవర్ టన్నెల్ దాకా దాదాపు అంతా ఎత్తే. టన్నెల్ 11,000 అడుగుల పైనే ఉంటుంది. ట్రాన్స్‌మిషన్‌లో రోగం ఉంటే ఆ దారి దాచనివ్వదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, స్పీడు మాత్రం పెరగదు. దీన్నే గేర్ జారడం అంటారు.

ఊళ్లో గేర్ల బండి నడిపినవాళ్లకి ఇది తెలిసిన బాధే. క్లచ్ ప్లేటు అరిగితే బండి ఇలాగే ఏడిపించేది. ఆటోమేటిక్‌లోనూ ఉండేవి క్లచ్‌లే. కాకపోతే చాలా ఉంటాయి, ఆయిల్‌లో మునిగి ఉంటాయి, ఆ ఆయిల్ ప్రెషర్‌తోనే బిగుసుకుంటాయి. అందుకే ముందు చూడాల్సింది ఆయిల్.

ఇక్కడ చదువుకుంటూ పాత కారొకటి కొనుక్కున్న మా మేనల్లుడు, గేర్ ఇలాగే జారుతోందని ఫోన్ చేశాడు.

"మామయ్యా, ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్."

"ఆయిల్ చూశాడట్రా?"

"చూడలేదు. రేటు మాత్రం చెప్పాడు."

చాలా కార్లలో ఈ ఆయిల్‌ని బండి వేడెక్కాక, ఇంజన్ ఆన్‌లో ఉండగా చూడాలి. హోండాల్లో ఆపేశాక చూస్తారు. కొత్త కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు, కిందకి దూరాల్సిందే (ఇదెవరి తెలివో!). ఎర్రగా ఉంటే ఆశ ఉంది. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్‌లు కాలుతున్నట్టే. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది; ఇంజన్ ఆయిల్‌లా ఇది కాలి తగ్గేది కాదు.

తర్వాత బండి లోపాల కోడ్‌లు చదివే స్కానర్. 1996 నుంచి అమెరికాలో అమ్మిన దాదాపు అన్ని కార్లకీ స్టీరింగ్ కింద దానికి సాకెట్ ఉంటుంది. పీ0700 వస్తే ట్రాన్స్‌మిషన్‌లో ఏదో ఉందని మాత్రమే అర్థం. అది చూసి భయపడక్కర్లేదు. పీ0730 అంటే గేర్ రేషియో తప్పుతోందని, పీ0740 అంటే టార్క్ కన్వర్టర్ క్లచ్ వైపు చూడమని. ఒక్క గేర్‌లోనే జారితే ఆ గేర్ క్లచ్‌నో సోలనాయిడ్‌నో అనుమానించాలి. అన్నిట్లో జారితే ఆయిల్, ఫిల్టర్, పంపు.

మావాడి కారులో ఆయిల్ ఎర్రగానే ఉంది, కానీ తగ్గింది. రేడియేటర్ దగ్గర కూలర్ పైపు కారుతోంది. పైపు మార్చి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోశాం. జారడం చాలావరకు తగ్గింది. బాగా వేడెక్కితే మూడో గేర్‌లో ఇంకా కాస్త జారుతోంది. ప్రెషర్ గేజ్ పెట్టి చూసే షాపు కోసం వెతుకుతున్నాడు. చూడకుండా రేటు చెప్పేవాళ్లయితే కావలసినంతమంది దొరికారు.