ఉయ్యాలలో చోటుంచండి!

మూడు కిలోల పసికందు. ఆ పసికందు పేరు చెప్పి ఇంటికొచ్చే సామాను మాత్రం ముప్ఫై కిలోలకు తక్కువుండదు! జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా బారసాల జరిగిన మర్నాడు చూడండి. హాల్లో సోఫా కనిపించదు. ఒకే రకం గౌన్లు అరడజను, సబ్బూ పౌడరూ నూనే కలిపి కట్టిన గిఫ్టు ప్యాకెట్లు నాలుగు, దోమతెర ఉన్న పరుపులు మూడు, బిడ్డకన్నా పొడవైన టెడ్డీబేర్లు రెండు. ఇన్నిటి మధ్యా అప్పటికప్పుడు కావాల్సిన మెత్తటి నూలుగుడ్డ మాత్రం వెతికినా దొరకదు.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అందరూ ప్రేమతోనే తెచ్చారు. కాకపోతే ఏం కావాలని వాళ్లు అడగలేదు, ఇది కావాలని వీళ్లు చెప్పలేదు. అడిగితే ఏమనుకుంటారోనని వాళ్లు, చెబితే ఏమనుకుంటారోనని వీళ్లు!

ఈ మొహమాటానికి అమెరికాలో ఎప్పుడో మందు కనిపెట్టారు. 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్ దుకాణం పెళ్లికూతుళ్ల కోసం ఓ పద్ధతి పెట్టింది. కొత్త కాపురానికి ఏమేం కావాలో ఆ అమ్మాయి కొట్లో రాయించి వెళ్తుంది. కానుక ఇవ్వదలచుకున్నవాళ్లు అందులోంచి తలా ఒకటి కొంటారు. దాన్నే రిజిస్ట్రీ అన్నారు. తర్వాత అది పసిపిల్లల కానుకలకూ పాకింది. అక్కడ స్థిరపడిన మన అమ్మాయిలకు ఇది మామూలు విషయమే. అదే మాట ఇక్కడ అత్తగారి చెవిన వేసి చూడండి. ‘కానుకలు అడిగి తీసుకుంటామా? మన ఇంటా వంటా లేదమ్మా’ అనేస్తారు.

నిజంగా లేదా?

రాయని చీటీ

పాతకాలపు బారసాలల్ని గుర్తు చేసుకోండి. ఉయ్యాల, పక్కబట్టలు పుట్టింటివాళ్ల వంతు. మొలతాడో మురుగులో మేనమామ తెస్తాడు. ఉగ్గుగిన్నె అమ్మమ్మది. బొంత నాయనమ్మది. పేరు పెట్టి పిలిచే వేడుకలో మేనత్తది ముందు చెయ్యి. ప్రాంతాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి వంతులు మారొచ్చు. కానీ ఎవరి వంతు ఏదో ఊరందరికీ తెలుసు. ఒకే ఇంటికి రెండు ఉయ్యాలలు వచ్చేవి కావు. కాగితం మీద పెట్టలేదన్న మాటేగానీ అది రిజిస్ట్రీ కాక మరేమిటి?

ఇంకో విశేషం... చాలా ఇళ్లలో ఆ ఉయ్యాలను కొననే కొనరు. పిన్నిగారింట్లోనో పెద్దమ్మగారింట్లోనో అటక మీద ఉన్నది దించి తెస్తారు. పదిమంది పిల్లలు పెరిగిన ఉయ్యాల అంటే అదో శుభం. బిడ్డను మొట్టమొదట చుట్టేదీ ఉతికి ఉతికి మెత్తబడిన తాతగారి పంచో, అమ్మమ్మ చీరో!

ఇప్పుడు చుట్టాలతోపాటు ఆఫీసు స్నేహితులు, పక్క ఫ్లాట్లవాళ్లు, సినిమా యూనిట్లో పరిచయాలు తోడయ్యారు. వీళ్లకు ఏ వంతూ లేదు. పాపం, దుకాణంలో కళ్లకు ఏది ముద్దుగా కనిపిస్తే అది తెస్తారు. వంతులు చెరిగిపోయాయి కాబట్టే గుట్టలు పేరుకుంటున్నాయి.

ముందు రాయండి... తర్వాత కొనండి

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని సామెత. బిడ్డ పుట్టకముందు చొక్కా కూడా కొననివ్వని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఖాళీ ఉయ్యాలను చూస్తూ కూర్చున్న తల్లులు ఆ కాలంలో ప్రతి వీధిలోనూ ఉండేవారు. ఆ దుఃఖంలోంచి పుట్టిన జాగ్రత్త అది.

చీటీ రాస్తే ఆ పెద్దల మాటా దక్కుతుంది, కోడలి అవసరమూ తీరుతుంది. ఏడో నెలలో రాసుకోవడానికి అభ్యంతరం ఉండదు. కొనేది, తెచ్చేది మాత్రం బిడ్డ క్షేమంగా ఇంటికొచ్చాకే. కొట్లు ఎక్కడికీ పారిపోవు కదా!

చీటీ రాయడం ఫిలింనగర్‌కు కొత్తేమీ కాదు. షూటింగ్‌కు ముందు ఏ సీనుకు ఏ ప్రాపర్టీ కావాలో అసిస్టెంట్ డైరెక్టర్లు రాసి పెట్టుకుంటారు. సీన్లో లేని వస్తువు సెట్లోకి రాదు. వస్తే దాన్ని మోయాలి, కాయాలి, అద్దె కట్టాలి. పసిబిడ్డ గదికీ అదే లెక్క వర్తిస్తుంది. ‘ఈ వస్తువు ఏ సీన్లో వాడతాం?’ అని ఒక్కో దాన్నీ అడిగి చూడండి. సగం సామాను అక్కడే రాలిపోతుంది.

ఏం రాయాలి?

మొదటి ఆరు నెలలూ తల్లిపాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలడబ్బాలు, పాలసీసాల ప్రచారాన్నీ, ప్రచారం కోసం వాటిని ఉచితంగా పంచడాన్నీ అడ్డుకుంటూ మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. కాబట్టి సీసాల సెట్టు చీటీలో అక్కర్లేదు. డాక్టరు చెప్పిన రోజున కొనుక్కోవచ్చు.

బట్టలా? పుట్టినప్పటి బరువుకు సుమారు అయిదు నెలల్లో రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతారు పిల్లలు. పుట్టిన పిల్లల సైజులో పది జతలు వస్తే అందులో ఆరు మడత విప్పకుండానే బిగుతైపోతాయి. అందుకే బట్టలు తెస్తామనేవాళ్లకు ‘ఏడాది పిల్లల సైజు తెండి’ అని చెప్పేయడం మేలు. బొమ్మలకూ తొందర లేదు. పుట్టిన కొత్తలో బిడ్డకు స్పష్టంగా కనిపించేది జానెడు, జానెడున్నర దూరం. ఒళ్లో పడుకుంటే అమ్మ మొహం సరిగ్గా అక్కడే ఉంటుంది!

కొన్నిటిని చీటీలోంచి కొట్టేయాల్సిందే. చక్రాల వాకర్ ముచ్చటగానే ఉంటుంది. కానీ మెట్ల మీంచి దొర్లి పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లో వాటిని నిషేధించింది. బిడ్డ పడుకునే చోట దిండ్లు, దళసరి దుప్పట్లు, బొచ్చు బొమ్మలు పెడితే ఊపిరాడని ప్రమాదం ఉందంటారు పిల్లల వైద్యులు. తోపుడుబండి కొనేముందు జూబ్లీహిల్స్ రోడ్ల ఎత్తుపల్లాలను ఓసారి తలుచుకోవాలి. ఇంట్లో కారుంటే పసిపిల్లల కారు సీటు మాత్రం రాయొచ్చు. ఖరీదైనదే. నలుగురు స్నేహితులు కలిసి ఇస్తే ఎవరికీ భారం కాదు. ఆడపిల్ల పుడితే తాతయ్యలు వెండిగిన్నెల బదులు సుకన్య సమృద్ధి ఖాతాలో జమ చేయొచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలో ఏడాదికి రూ.250 వేసినా చాలు.

అవసరాలన్నీ కలిపి ఎంతవుతాయన్నది ఇతరులు చేసిన జాబితాలు చూస్తే తెలుస్తుంది. ఫిన్లాండ్ 1938లో పేద తల్లులకు పసిపిల్లల సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. 1949 నుంచి అందరికీ ఇస్తోంది. పెట్టె ఖాళీ అయ్యాక దాన్నే బిడ్డకు పడకగా వాడుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, పిల్లల బట్టలు, తల్లికి చీరలు... అన్నీ కలిపి 16 రకాలు. అవన్నీ ఒక్క సంచిలో పట్టాయి!

పెద్దింటి ఉయ్యాల

డబ్బున్నవాళ్లకు ఈ లెక్కలెందుకు అనుకోవచ్చు. 2023 జూన్ 20న జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రిలో రామ్‌చరణ్, ఉపాసనలకు పాప పుట్టింది. కోరుకుంటే ఏదైనా కొనగలిగిన ఇల్లది. ఆ పాప కోసం వచ్చిన ఉయ్యాల చెక్కతో చేసింది. అక్రమ రవాణా ముఠాల చెర నుంచి బయటపడి, సునీతా కృష్ణన్ నడిపే ప్రజ్వల సంస్థ నీడన కొత్త జీవితం మొదలుపెట్టిన అమ్మాయిలు తమ చేతులతో తయారుచేశారు దాన్ని. గాయకుడు కాలభైరవ పాప కోసం ఓ బాణీ కట్టి ఇచ్చారు. ఒకటి చేతిపని, ఒకటి పాట. రెండోదానికైతే ఇంట్లో చోటే అక్కర్లేదు. కానుక విలువ ధరలో లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

‘ఎక్కువైతే పనమ్మాయికో డ్రైవరుకో ఇచ్చేస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. మంచి మనసే. కానీ కొండ దిగితే వచ్చే కృష్ణానగర్‌లో ఆ డ్రైవరు ఉండేది ఒకే గదిలో. మంచమంత టెడ్డీబేర్‌ను అతనెక్కడ పెట్టుకోవాలి? మనకు అడ్డమైంది వాళ్లకూ అడ్డమే. వాళ్లింట్లో కూడా పసిబిడ్డ ఉంటే ఏం కావాలో అడిగి అదే ఇవ్వడం మర్యాద.

నొప్పించకుండా ఎలా చెప్పాలి?

పిలుపు కార్డు మీద అచ్చు వేయించాల్సిన పనిలేదు. ఆ పని తల్లికన్నా ఆమె అక్కో వదినో తీసుకుంటే బాగుంటుంది. అడిగినవాళ్లకే చెప్పాలి. చుట్టరికం కలిపి, వంతు ఇచ్చి చెప్పాలి. ‘పెద్దమ్మా, ఉయ్యాల నీదే. కొనకు. మీ అటక మీదున్నది తుడిచి పంపు’ అంటే ఏ పెద్దమ్మ కాదంటుంది? తన పిల్లలు ఊగిన ఉయ్యాలకు మళ్లీ పిలుపొచ్చిందని మురిసిపోతుంది. చెప్పినా వినకుండా ఎవరైనా మరో గౌను తెస్తే నవ్వుతూ తీసుకోవాల్సిందే. కానుక కన్నా మనిషి ముఖ్యం.

ఇక చీటీలో చివరి నాలుగు పంక్తులు వస్తువుల కోసం కాకుండా మనుషుల కోసం ఉంచండి. వారానికి రెండు పూటలు పథ్యం వంట పిన్నిది. టీకాలకు తీసుకెళ్లడం బాబాయిది. మధ్యాహ్నం బాలింత కునుకు తీసేదాకా బిడ్డను ఎత్తుకునేది పక్క ఫ్లాటు ఆంటీ. రాత్రి రెండింటికి బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే లేచి భుజాన వేసుకునే వంతు... నాన్నది!