చీటీ వెనక రాసిన చిరునామా

"డాక్టరుగారూ, ఆయనకి తెలియకుండా చారులో కలిపే మందేదైనా ఉంటే రాయండి."

ఈ మాట వినని వారం నాకు లేదు. అడిగేది భార్య, ఒక్కోసారి తల్లి. మెడలో పసుపుతాడు తప్ప ఇంకేమీ మిగలని మనిషిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ వెంటే కోపమూ వస్తుంది. తాగుడు మాన్పించే మాత్ర ఉన్నమాట నిజమే. పేరు డైసల్ఫిరాం. అది ఒంట్లో ఉండగా తాగితే మద్యం సగం విరిగి ఆగిపోతుంది, ఎసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుంటుంది. మొహం కందగడ్డవుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. తాగే మనిషి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్రమ్మా అది, చారులో కలిపితే హత్యాయత్నమే అని కసురుతాను. ఆవిడ తలూపి వెళ్ళి, మర్నాడు పక్కూళ్ళో పొట్లాలు కట్టిచ్చే అతని గుమ్మంలో నిలబడుతుంది.

అందుకే చీటీ వెనక ఒక చిరునామా రాసిచ్చేవాణ్ణి. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ మీటింగుది. అక్కడ ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. వెయ్యి రూపాయల పొట్లానికి అప్పుచేసి వెళ్ళేవాళ్ళు డబ్బక్కర్లేని ఆ గదికి ఎందుకు వెళ్ళరని ఏళ్ళ తరబడి మండిపడ్డాను.

మూడేళ్ళ కిందట కార్తీకంలో ఒక రైసుమిల్లు గుమాస్తాని నల్లబట్టలతో, మెడలో మాలతో మోసుకొచ్చారు. ఇరవయ్యేళ్ళ తాగుడు ఒక్క తెల్లవారుజామున ఆపేసి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మూడో రోజుకి ఒళ్ళంతా వణుకు, చెమటలు, దుప్పటి మీద లేని చీమల్ని ఏరడం. నియమం తప్పినందుకు స్వామి ఆగ్రహించాడని ఇంట్లోవాళ్ళు ఒక రాత్రంతా కర్పూరాలు వెలిగించారు. రోజూ తాగే మెదడుకి మత్తు ఒక్కసారిగా అందకపోతే ఆరు గంటలకే వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఈ సంధి. అందుకే బాగా తాగేవాళ్ళు మానాలనుకుంటే ముందు ఆసుపత్రికి రావాలి. లోరాజెపామ్ ఇచ్చాం, థయామిన్ ఎక్కించాకే గ్లూకోజు పెట్టాం. అయిదో రోజు కళ్ళు తెరిచి, మాల తడుముకున్నాడు. తీయనివ్వలేదులే స్వామీ అన్నాను.

నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే తాగాడు.

"నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాడివి, నలభై రెండో రోజు నీకేమైందయ్యా?" అని వార్డులో అందరూ వినేలా అరిచాను.

తల దించుకునే చెప్పాడు. "మాలలో ఉన్నన్నాళ్ళూ తెల్లారుజామున గురుస్వామి లేపేవారండి. సాయంత్రం భజన. వీధిలో పిల్లాడు కూడా స్వామీ అనే పిలిచేవాడండి. మాల తీశాక నన్నెవరూ పిలవలేదండి."

నేను చదివిన ఏ పుస్తకమూ నాకిది ఇంత సూటిగా చెప్పలేదు.

నేను చీటీ వెనక రాసే ఆ మీటింగులూ ఇలాంటి ఒంటరితనంలోంచే పుట్టాయి. 1935 మే నెలలో అమెరికాలోని అక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బేరం చెడి, హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. పక్కనే బారు. అటు అడుగు వేయకుండా ఊళ్ళోని చర్చిలకి ఫోన్లు చేశాడు, తాగుడుతో బాధపడే ఇంకో మనిషితో మాట్లాడాలి, ఎవరైనా ఉన్నారా అని. అలా దొరికినవాడు బాబ్ స్మిత్, శస్త్రచికిత్స చేసే డాక్టరు. పావుగంటే కూర్చుంటానని వచ్చి ఆరు గంటలు కూర్చున్నాడు. ఆ డాక్టరు ఆఖరుసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజు అంటారు. మద్యం లివరుని ఏం చేస్తుందో ఆయనకి ఒకరు చెప్పాలా? అదే బాధ పడ్డ మనిషి ఎదురుగా కూర్చుంటే గానీ ఆయన చెయ్యి ఆగలేదు. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు కలిపి చూసినప్పుడు, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ మీటింగుల దారి మిగతా చికిత్సల కంటే మెరుగ్గా తేలింది.

ఇవన్నీ చెప్పి గుమాస్తా చేతిలో చిరునామా పెట్టాను. శనివారం సాయంత్రం వెళ్ళాడు. అదొక చర్చి వెనక గది. మతం మారుస్తారేమోనన్న భయంతోనే గేటు దాకా నడిచాడు. తాళం వేసి ఉంది. మీటింగు ఆదివారానికి మారి ఏడాదైందట. మలుపులో వైన్ షాపు తెరిచే ఉంది.

రెండేళ్ళుగా ఒక్కసారైనా ఫోన్ చేసి కనుక్కోకుండా అదే చిరునామా ఎంతమందికి రాసిచ్చానో! వెళ్ళరేమని తిట్టానే, వెళ్ళినవాళ్ళలో ఎందరు ఆ తాళం చూసి తిరిగొచ్చారో. ఆ లెక్క నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఈసారి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే ఫోన్ చేశాను. అవతలి గొంతు నెమ్మదిగా, "మీరు కాదు డాక్టరుగారూ, ఆయన్నే మాట్లాడమనండి" అంది. ఫోను అతనికిచ్చి నేను బయటికి వెళ్ళాను. ఆదివారం బస్టాండులో ఒక పెద్దాయన అతని కోసం ఎదురుచూశాడు. గదిలో చర్చి తాలూకు మాటే రాలేదట, అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ కూర్చుంటారట.

ఇప్పుడు చిరునామా రాయను. ఫోను కలిపి చేతికిస్తాను. మా దగ్గర్లో మీటింగు దొరక్కపోతే 14446 కలుపుతాను. ప్రభుత్వ సహాయకేంద్రం, డబ్బులు పడవు. చారులో కలిపే మందడిగే ఆడవాళ్ళకీ, ఇంట్లోవాళ్ళ కోసమే 1951లో మొదలైన అల్-అనాన్ సంగతి చెబుతాను.

గుమాస్తా మధ్యలో ఒకసారి జారాడు, మళ్ళీ వెళ్ళాడు. పోయిన కార్తీకంలో నల్లబట్టలతో వచ్చాడు. "మాలలో ఉండి ఆ గదికి వెళ్ళొచ్చాండీ?" అని అడిగాడు. గురుస్వామిని అడగమన్నాను. ఆయన ఏమీ అనకుండా బండి తీసి, అతన్ని వెనక ఎక్కించుకుని వెళ్ళి, మీటింగు అయ్యేదాకా గేటు బయట కానుగచెట్టు కింద కూర్చున్నారట.