ముందడిగింది... వెనకొచ్చింది!

హోటల్లో నలుగురు కూర్చున్నారు. ఒకాయన ఇడ్లీ అన్నాడు, రెండో ఆయన మసాలా దోసె, మూడో ఆయన పూరీ. ఆఖర్న నాలుగో ఆయన ఒట్టి కాఫీ చాలన్నాడు. ముందుగా టేబుల్ మీదికొచ్చేది ఏది? కాఫీయే. వంటింట్లో అది సిద్ధంగా ఉంది మరి! ఇడ్లీ వచ్చేదాకా కదలనని సర్వర్ గుమ్మంలో నిలబడిపోతే ఇక హోటల్ నడిచినట్టే. అందుకే ఆర్డర్ కేకేసి ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్లిపోతాడు. ఏది తయారైతే అది పట్టుకొస్తాడు.

ఇంటర్నెట్‌లోని సర్వర్ల వ్యవహారమూ అంతే. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఒక్క బటన్ నొక్కితే పేజీ మొత్తం తెల్లబోయి, మళ్లీ మొదట్నుంచి వచ్చేది. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో ఓ చిన్న సదుపాయం పెట్టింది. పేజీ కదలకుండానే వెనకనుంచి సర్వర్‌ని ఓ ప్రశ్న అడిగి, జవాబు తెచ్చుకోవచ్చు. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దాని సత్తా అందరికీ తెలిసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ‘అజాక్స్’ అని పేరుపెట్టాడు. జవాబు కోసం ఆగకుండా పని సాగించే ఈ తీరే ‘అసింక్రనస్’. ఇవాళ ఒక్క పేజీ తెరిస్తే తెరవెనక పదులకొద్దీ ప్రశ్నలు బయల్దేరతాయి.

బయల్దేరిన వరసలోనే జవాబులు తిరిగొస్తాయన్న హామీ మాత్రం లేదు. చిక్కంతా అక్కడే!

విజయనగరమా... విజయవాడా?

ఓ ప్రయాణికుడు రైళ్ల కోసం ఫోన్‌లో వెతుకుతున్నాడు. వేలు జారి విజయనగరం నొక్కాడు. వెంటనే నాలుక్కరుచుకుని విజయవాడ నొక్కాడు. ప్రశ్నలు రెండూ వెళ్లాయి. విజయవాడ జవాబు చటుక్కున వచ్చింది, రైళ్ల జాబితా కనిపించింది. అంతలో... దారిలో ఎక్కడో చిక్కుకుపోయిన విజయనగరం జవాబు తీరిగ్గా వచ్చి, ఆ జాబితా మీద కూర్చుంది. పైన పేరు విజయవాడ, కింద బళ్లు విజయనగరానివి!

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు జవాబులూ నిజాలే. కాకపోతే ఒకటి పాత ప్రశ్నకు చెప్పిన నిజం. ప్రోగ్రామర్లు దీన్ని ‘రేస్ కండిషన్’ అంటారు. పరుగు పందెంలో ఎవరు ముందొస్తే దాన్నిబట్టి ఫలితం మారిపోవడం అన్నమాట. దీన్ని పట్టుకోవడం కష్టం. మాదాపూర్ ఆఫీసులో వేగవంతమైన నెట్ మీద వందసార్లు నొక్కి చూసినా కనపడకపోవచ్చు. పాడేరు ఘాట్‌రోడ్డులో సిగ్నల్ వస్తూపోతూ ఉన్న ఫోన్‌లో మొదటిసారే బయటపడొచ్చు. దాంతో ‘మా దగ్గర బాగానే పనిచేస్తోందే’ అని వీళ్లు, ‘నా ఖర్మ’ అని వాళ్లు!

మందు లేకపోలేదు. బ్యాంకులో ఇచ్చినట్టు ప్రతి ప్రశ్నకూ ఓ టోకెన్ నంబరు ఇవ్వాలి. జవాబు రాగానే, ఇది ఆఖరి ప్రశ్నదేనా అని నంబరు చూసుకోవాలి. కాకపోతే పక్కన పడేయాలి. పాత ప్రశ్నను మధ్యలోనే రద్దుచేసే వీలూ బ్రౌజర్లలో ఉంది. అయితే ఇటు మనిషి వినడం మానేసినంత మాత్రాన అటు సర్వర్ పని ఆపేసిందని కాదు. రైళ్ల జాబితా విషయంలో ఫర్వాలేదు. డబ్బు విషయంలో ఆ తేడా చాలా పెద్దది.

ప్రాణాల మీదికొచ్చిన పొరపాటు

దీన్ని చిన్న చికాకుగా కొట్టిపారేసేవాళ్లు థెరాక్-25 కథ తెలుసుకోవాలి. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. కనీసం ముగ్గురు చనిపోయారు. బయటపడిన కారణాల్లో ఒకటి రేస్ కండిషనే. ఆపరేటర్ వివరాలు టైప్‌చేసి, తప్పు గమనించి గబగబా దిద్దితే, యంత్రం తనను తాను సర్దుకునే ఆ ఎనిమిది సెకన్లలో జరిగిన మార్పు లోపలి భాగానికి తెలిసేది కాదు. తెర మీద దిద్దిన వివరం, లోపల పాత అమరిక. నెమ్మదిగా టైప్‌చేసేవారి చేతిలో ఆ తప్పు బయటపడేది కాదు. పనిలో చెయ్యి తిరిగినవారి వేగమే దాన్ని బయటికి లాగింది.

ఎన్ని చిట్టాలు... అన్ని తగువులు

రెండో తలనొప్పి లెక్కలది. ఒకే సంగతిని పేజీలో నాలుగుచోట్ల రాసిపెట్టుకుంటే, ఒకచోట మారి మూడుచోట్ల మారకపోవచ్చు. ఫేస్‌బుక్‌కి కొన్నాళ్లపాటు ఇదే బెడద. కొత్త మెసేజ్ వచ్చిందని పైన ‘1’ కనపడేది. తెరిస్తే ఏమీ ఉండేది కాదు! సరిచేసినా మళ్లీ వచ్చేది. చివరికి 2014లో ‘ఫ్లక్స్’ అనే పద్ధతిని ఆ సంస్థ లోకానికి చెప్పింది. అందులో ఉన్నది మన పెద్దల తెలివే. పద్దు ఒకేచోట ఉండాలి, ఏ మార్పైనా ఒకే దారిలో వచ్చి అందులో పడాలి, మిగతావాళ్లంతా దాన్ని చూసి చదువుకోవాలి. అంతేతప్ప ఎవరికివారు కొట్టివేతలు చేయకూడదు.

తత్కాల్ వేళ ఉదయం 10 గంటలకు జరిగేదీ ఇదే. తెర మీద నాలుగు బెర్తులు ఖాళీ అని కనపడుతుంది. వివరాలు నింపేసరికి వెయిటింగ్ లిస్టు! మోసమని తిట్టుకుంటారు జనం. నిజానికి ఆ నాలుగు అనేది కొన్ని క్షణాల కిందటి ఫొటో. అదే ఫొటో వేలమంది చేతుల్లో ఉంది. అసలు లెక్క సర్వర్ దగ్గర ఒక్కచోటే ఉంటుంది. బెర్తు రాసే క్షణంలో అక్కడ ఒక్కరికే ప్రవేశం.

ఈ కిటుకు రైల్వేకి కంప్యూటర్లకన్నా ముందే తెలుసు. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్యకు ఒకసారి ఒకే టోకెన్ బయటికొచ్చేది. ఆ ఇనుప గోళం చేతికందనిదే డ్రైవర్ బండి కదిపేవాడు కాదు. 1960ల్లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, ఒకే వస్తువు కోసం పోటీపడే ప్రోగ్రాములను అదుపుచేయడానికి కనిపెట్టిన సాధనానికి ‘సెమాఫోర్’ అన్న పేరే స్థిరపడింది. రైలు పట్టాల పక్కన చెయ్యెత్తే సిగ్నల్‌ పేరది!

అన్నిటికన్నా గుండె దడ పుట్టించేది ‘పే’ బటన్. నొక్కాక తెర ఉలకదు, పలకదు. డబ్బు వెళ్లిందో లేదో తెలియదు. నెలాఖరు... ఖాతాలో ఉన్నదంతా అదే. భయంతో మళ్లీ నొక్కుతాడు. అది అతని తప్పు ఎలా అవుతుంది? మంచి ప్రోగ్రామర్ ఆ రెండో నొక్కును ముందే ఊహిస్తాడు. ఒక కొనుగోలుకు ఒకే గుర్తు తగిలించి పంపుతాడు. అదే గుర్తుతో పదిసార్లు వచ్చినా సర్వర్ ఒక్కసారే డబ్బు తీసుకుని, మిగతా తొమ్మిదిసార్లూ పాత రసీదే చూపిస్తుంది.

ఇంత చేసినా జవాబు రాని క్షణాలు ఉంటాయి. అప్పుడు తెర చేయాల్సింది ఒకటే... నిజం చెప్పడం. అయిపోయిందని నమ్మబలకకూడదు, కాలేదని కంగారుపెట్టకూడదు. ‘మీ డబ్బు సంగతి కనుక్కుంటున్నాం, మళ్లీ నొక్కకండి’ అని తెలుగులో ఒక్క ముక్క చాలు. తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చక్రం వెనక తమ లెక్క ఎవరో సరిగ్గా రాస్తున్నారన్న ధీమా ఉంటే!