చలికోటు

రేపల్లె నుంచి తెనాలి పోయే పాసింజరు బండిలో నేను మూడేళ్ళు డిగ్రీ చదివాను. కాలేజీలో చదివింది తక్కువ, బండిలో చదివింది ఎక్కువ. పల్లెకోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు. ఈ స్టేషన్లు నాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. మా అమ్మకి ఎక్కాలు రావు. మా నాయనది వేలిముద్ర. మా ఇంట్లో డిగ్రీ కాగితం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ కాగితాన్ని మా అమ్మ తల్లకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. నేను సరిచెయ్యలేదు.

ఇప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. 2014 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. వయసు 36. ఇవన్నీ గొప్ప కోసం చెప్పటంలేదు. నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పుకి ముందు సంగతి చెప్పకపోతే మీకు అర్థంకాదు.

2010లో నేను పీజీ చదువుతున్నాను. డిసెంబరు సెలవులకి ముందు నోటీసు బోర్డు మీద రంగుల కాగితం ఒకటి అంటించారు. ఐరోపాలో రెండు వారాల శీతాకాలపు కోర్సు. మంచు పడ్డ గుడి, దాని ముందు నవ్వుతున్న పిల్లలు. ఆ బొమ్మ చూస్తూ నిలబడిపోయాను. ధైర్యం చేసి ఒక లెక్చరర్ని అడిగాను. ఆయన మంచివాడే. ఎప్పుడూ కసురుకునేవాడు కాదు. మెల్లగా అన్నాడు: "అమ్మా, అది మీలాంటోళ్ళకి కాదు. ఖర్చుతో కూడుకున్న పని. స్కాలర్‌షిప్పులో అది రాదు. ఉన్న చదువు బాగా చదువుకో."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అబద్ధమైతే కొట్లాడొచ్చు. "మీలాంటోళ్ళు" అనే మాట మాత్రం పద్నాలుగేళ్ళు నా చెవిలో ఉంది.

చట్టం, పథకం ఏం చెబుతున్నాయో నేను తర్వాత చదువుకున్నాను. ఎస్సీ పిల్లలు విదేశాల్లో చదవటానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఎస్సీలతోపాటు ఇంకొన్ని వర్గాలకీ కలిపి ఏడాదికి 125 మందికి మించి ఇవ్వరు. దేశం మొత్తానికి 125! అది కూడా పీజీకి, పీహెచ్‌డీకే. మూడు వారాల కోర్సుకి రాదు. 2022లో ఇంకో మెలిక పెట్టారు. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఆ డబ్బు ఇవ్వరంట. అంటే అంటరానితనం గురించి బయటి దేశంలో చదవటానికి అంటరానోళ్ళకి డబ్బు లేదు. మన రాష్ట్రంలో అంబేద్కర్ పేరుతో ఉన్న విదేశీ విద్యానిధి కూడా పెద్ద చదువులకే. డబ్బున్న ఇళ్ళ పిల్లలు ఈ చిన్న కోర్సులకి సెలవుల్లో పోయొస్తారు. ఆ మూడు వారాల్లో భయం పోతుంది, ఇంగ్లీషు నోరు తిరుగుతుంది, నలుగురు ప్రొఫెసర్లు పరిచయమవుతారు. తర్వాత పెద్ద చదువుకి దరఖాస్తు పెట్టేటప్పుడు వాళ్ళు ఒక మెట్టు పైనుంటారు. మన పిల్లలు కిందనుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు నా తప్పు.

2024 సెప్టెంబరులో మా పేట పిల్ల ఒకతి నా దగ్గరకొచ్చింది. పదోతరగతి దాకా నా దగ్గరే చదివింది. బాపట్లలో సివిల్ ఇంజనీరింగు మూడో ఏడు. వాళ్ళమ్మ నాట్లకి, మినుము తీతకి పోతుంది. నాన్న లేడు. పిల్ల ఫోను తీసి చూపించింది. జనవరిలో వియన్నాలో మూడు వారాల కోర్సు. ఊళ్ళు ఎట్లా కట్టారు, పనోళ్ళకి ఇళ్ళు ఎట్లా కట్టారు అనేది చదువు. "పెట్టనా టీచర్?" అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? "ఎందుకమ్మా ఇప్పుడు, చాలా ఖర్చు. ముందు గేటు పరీక్ష చూసుకో" అన్నాను.

పిల్ల "సరే టీచర్" అని తలొంచుకుని వెళ్ళిపోయింది. తలుపు దాటాక నాకు గొంతులో ఏదో అడ్డంపడ్డట్టయింది. ఆ లెక్చరర్ గొంతు నా నోట్లోంచి వచ్చింది. అంతే మెల్లగా, అంతే ప్రేమగా. ఆయన పైకులపోడు కాబట్టి అట్లా అన్నాడని పద్నాలుగేళ్ళు తిట్టుకున్నాను. మరి నేనెవరు?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. బాబాసాహెబ్ గుర్తొచ్చాడు. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పుతో న్యూయార్కు పోయాడు. అక్కణ్ణుంచి 1916లో లండను. 1917లో గడువైపోయి వెనక్కి రావాల్సొచ్చింది. బరోడాలో ఉద్యోగమిచ్చారు గానీ తల దాచుకోటానికి గది ఇవ్వలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆ సంగతులు ఆయన తర్వాత రాసుకున్నాడు. 1990లో అచ్చయిన ఆ చిన్న పుస్తకం పేరుకి తెలుగులో అర్థం వీసా కోసం ఎదురుచూడటం. ఆయన ఎదురుచూసిన వీసా వేరే దేశానికి కాదు, సొంత దేశంలోకే. అయినా ఆయన ఆగలేదు. డబ్బు కూడబెట్టి, స్నేహితుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్ళీ లండను పోయాడు. 1921లో జర్మనీలో బాన్ యూనివర్సిటీలో కూడా పేరు రాయించుకున్నాడు. అక్కడ ఎక్కువ కాలం ఉండటం కుదరలేదు. ఎవరూ దాన్ని దండగ అనలేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా బండి ఆగే భట్టిప్రోలులో బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర అక్కడ తవ్వించాడు. ధాతువులు పెట్టిన రాతి పెట్టెల మీద అక్షరాలు బయటపడ్డాయి. వాటిని చదివి ప్రకటించింది బ్యూలర్ అనే పండితుడు. ఆయన వియన్నా యూనివర్సిటీలో ప్రొఫెసరు. మా ఊరి పక్క రాళ్ళ మీద అక్షరాలు అప్పట్లోనే వియన్నా చేరాయి. వాటి పక్కన పుట్టిన పిల్ల మాత్రం పోగూడదని ఒక సోషల్ టీచరు చెప్పింది!

తెల్లారి వాళ్ళింటికి పోయాను. "పెట్టు" అన్నాను. పిల్ల నవ్వి, "రాత్రే పెట్టేశాను టీచర్" అంది. నా మాట వినలేదన్నమాట. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో లేదు.

సీటొచ్చింది. కోర్సు ఫీజులో సగం మినహాయింపు ఇచ్చారు. మిగతా సగం, విమానం, గది, వీసా, ఇన్సూరెన్సు కలిపి 2 లక్షల 10 వేలు తేలింది. ముందు పాస్‌పోర్టు. విచారణకొచ్చిన కానిస్టేబులు పేటలో నిలబడి "కువైటుకా? ఇళ్ళల్లో పనికా?" అని అడిగాడు. వాళ్ళమ్మ అంది: "చదువుకి బాబూ." ఆయన రెండోసారి అడిగాడు. ఆమె రెండోసారీ అదే చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా.

వీసాకి 90 యూరోలు. 30 వేల యూరోలకి తగ్గకుండా ఆరోగ్య బీమా. బ్యాంకులో డబ్బు నిలవున్నట్టు స్టేట్‌మెంటు. ఊళ్ళో ఒకాయన "నెల రోజులు ఖాతాలో వేసి తీస్తాను, నూటికి ఇంత" అని బేరం పెట్టాడు. వొద్దన్నాను. నా జీతం సర్టిఫికెట్టు, నా ఖాతా పుస్తకం పెట్టి, ఈ పిల్ల ఖర్చు నేను భరిస్తానని ఉత్తరం రాశాను. ఆ ఉత్తరంలో పిల్లకి నేనేమవుతానో రాయాలి. పెన్ను ఆగింది. రక్తసంబంధం లేదు. పేటలో అందరం ఒకరికొకరం ఏదో ఒకటి అవుతాం గానీ అది కాగితం మీద రాసేది కాదు. చివరికి "ఉపాధ్యాయురాలు" అని రాశాను.

నేను పాడుకున్న చీటీ 1 లక్ష. పేట కుర్రాళ్ళు డిసెంబరు 6న మీటింగు ఖర్చు తగ్గించుకుని 15 వేలిచ్చారు. మా స్కూలు టీచర్లు తలా కాస్త వేశారు. అందులో మనోళ్ళు కానివాళ్ళూ ఉన్నారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మిగతాది వాళ్ళమ్మ చెవికమ్మలు, డ్వాక్రా అప్పు.

వీసా కోసం హైదరాబాదు పోయినప్పుడు కోఠీలో ఫుట్‌పాత్ మీద 900 రూపాయలకి చలికోటు కొన్నాం. పాతదే, బాగా బరువు. పిల్ల పొట్టి, కోటు మోకాళ్ళ కిందికొచ్చింది. వాళ్ళమ్మ చేతులు లోపలికి మడిచి కుట్టింది. మన దగ్గర సంక్రాంతి చలికి దుప్పటి చాలు. అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి అంటే ఆమెకి నమ్మకం కుదరలేదు.

వియన్నా నుంచి పిల్ల రోజూ ఫోను చేసేది. ఒకరోజు కార్ల్ మార్క్స్ హాఫ్ అనే కట్టడం చూపించారంట. 1927 నుంచి 1930 దాకా ఆ నగరపాలక సంస్థ పనోళ్ళ కోసం కట్టింది. కిలోమీటరు పైన పొడవు, 1,382 ఇళ్ళు. లోపల బట్టలుతికే చోటు, పిల్లల బడి, గ్రంథాలయం, మధ్యలో తోట. డబ్బున్నోళ్ళ మీద ఎక్కువ పడేట్టు 1923లో వేసిన ఇళ్ళ పన్నుతో అట్లాంటివి కట్టారంట. ఇప్పటికీ ఆ నగరంలో దాదాపు సగం మంది నగరం కట్టినవో, సర్కారు సాయంతో కట్టినవో అయిన ఇళ్ళల్లోనే ఉంటారు. అదేమీ స్వర్గం కాదని కూడా పాఠంలో చెప్పారంట. 1934లో ఆ పనోళ్ళ ఇళ్ళ మీద సైన్యం ఫిరంగులు పేల్చింది. 1938లో అదే ఊళ్ళో యూదుల్ని ఇళ్ళల్లోంచి గెంటేశారు.

పిల్ల ఫోనులో అడిగింది: "టీచర్, మన పేట మురుగుకాలవ దిగువనే ఎందుకుంది? ఏ ఇంజనీరు గీశాడు?"

నేను ఇన్నేళ్ళు సోషల్ చెప్పాను. నదులు, రాజ్యాలు, రాజ్యాంగం చెప్పాను. ఈ ప్రశ్న ఏ పిల్లా అడగలేదు. వాళ్ళు అడిగేట్టు నేను చెప్పలేదు. దూరం పోయి చూస్తే గానీ మన పేట ఎక్కడుందో కనపడదేమో.

ఇంకో సంగతి కూడా జరిగింది. రాయక తప్పదు. రెండో వారంలో ఒక దుకాణం దగ్గర తెలుగు మాట వినపడితే పిల్ల సంబరపడి పలకరించింది. అక్కడ చదువుకునే మన కుర్రాళ్ళు. గుంటూరు జిల్లా అనగానే గదికి పిలిచి గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు. తింటుంటే ఒకడు నవ్వుతూ అడిగాడు: "మనోళ్ళేనా?"

ఆ మాట అర్థం తెలుగోళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్ల ముద్ద కిందపెట్టి "మేం మాదిగలం" అంది. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టలేదు, పొమ్మనలేదు. మాటలు తగ్గాయి. మర్నాడు ఫోను చేస్తే ఎత్తలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించిందని పేపర్లో చదివినప్పుడు, అంతదూరంలో ఆ చట్టమెందుకని స్టాఫ్ రూములో ఒకరన్నారు. ఎందుకో మా పిల్లనడగండి.

నేను బాపట్లలో బీఈడీ చదివేటప్పుడు తెనాలిలో బండి మారేదాన్ని. ఆ బండి చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనోళ్ళని నరికిన చోటు. రక్తక్షేత్రం అక్కడే ఉంది. 2007లో కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. మా అమ్మ నాకు చెప్పేది: "బండిలో ఎవరన్నా ఊరడిగితే చెప్పు, పేట అడిగితే చెప్పమాక." నేను చెప్పేదాన్ని కాదు. ఈ పిల్ల ముద్ద కిందపెట్టి మరీ చెప్పింది. మా అమ్మకీ నాకూ ఈ పిల్లకీ మధ్య నడిచిన దూరం అది. రేపల్లె నుంచి వియన్నా అంత దూరం కాదు.

ఫిబ్రవరి మొదట్లో పిల్ల తిరిగొచ్చింది. రేపల్లె స్టేషన్లో వాళ్ళమ్మ ముందు చేతులు తడిమి చూసింది, చలికి పగిలాయేమోనని. ఇప్పుడు పిల్ల చివరి ఏడు. మురుగుకాలవ మట్టం, పేట మట్టం కొలిచి పటం గీసి పంచాయతీలో అర్జీ పెట్టింది. జవాబు రాలేదు. మళ్ళీ పెడుతుంది.

చదువుకుంటున్న పిల్లలకి ఒకమాట. సీటొచ్చాక పాస్‌పోర్టుకి పరిగెత్తొద్దు, ఇప్పుడే పెట్టుకోండి. ఫీజు మినహాయింపు ఉందేమో అడగండి, అడగటానికి సిగ్గుపడొద్దు. ఎవరన్నా ప్రేమగా "మీలాంటోళ్ళకి కాదు" అంటే, ఆ ఎవరన్నా మీ టీచరే అయినా సరే, వినొద్దు.

కోటు మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురొచ్చి ఒకరి తర్వాత ఒకరు వేసుకుని చూసుకున్నారు. అందరికీ వదులే. ఫరవాలేదు, లోపల రెండు స్వెట్టర్లు పడతాయి.