ఇద్దరి కూలి

నారుకూరు దాటాక రోడ్డుకి ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరేటర్లు తిరిగే చప్పుడు తోటపల్లి గూడూరు చేరేదాకా చెవుల్లో ఉండిపోయింది. మా పెద్దమ్మ ఇల్లు ఊరి చివర. వసారాలో మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యం గిన్నెలో పోసింది. కాసేపటికి అదే గిన్నెని చేటలోకి వంచి మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారి వంచబోతుంటే మా అక్క ఏమీ అనకుండా గిన్నె తీసుకుపోయి ఇంకాసిన్ని బియ్యం తెచ్చి చేటలో పోసింది.

"చేతికి పనుంటే కుదురుగా ఉంటది అబ్బయా" అంది నాతో. పెద్దమ్మ నన్ను మా నాయన పేరుతో పిలిచింది. నేను పలికాను.

ఈసారి నేను ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళాను. మతిమరుపు జబ్బు రాకుండా ఆపే దారులు వెతికే పరిశోధన ఈ ఊరికొస్తే ఎవరు చేరగలరు? చేరినవాళ్ళకి డబ్బివ్వడం న్యాయమేనా?

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, మొత్తం మీద 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని, పెద్దవాళ్ళలో మతిమరుపు మీద దేశమంతా జరిగిన లాసీ-డాడ్ సర్వే ఆధారంగా 2023లో అంచనా వేశారు. పట్నాల్లో నూటికి 5.3 అయితే పల్లెల్లో 8.4. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. కాబట్టి ముందు వెతకాల్సింది ఇలాంటి ఊళ్ళలోనే. పైగా బి.పి., షుగరు, చెవుడు, చూపు మందగించడం లాంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా కేసులను ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. అయితే ఆ పని మతి బాగున్నప్పుడే మొదలుపెట్టాలి. అంటే పెద్దమ్మ కాదు, పక్కింటి వసారాలో కూర్చున్న ఆడవాళ్ళు.

నలుగురూ కలుపు తీసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. వాళ్ళలో పెద్దామె నేను చెప్పిందంతా విని, లెక్క మొదలుపెట్టింది. నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఒంటరిగా పోలేదు కాబట్టి కూతురు రావాలి, దాని కూలీ పోతుంది. ఆటో ఖర్చు, మధ్యాన్నం తిండి సరేసరి. "అదొకటే గాదు నాయనా. ఒకరోజు పోకుంటే ముఠాలో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళా పిలస్తారో లేదో."

ఆ చివరి మాట నాకు తట్టనిది. ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ళ 1,260 మందితో చేసిన ఫింగర్ అధ్యయనం రెండేళ్ళు సాగింది. తిండి, వ్యాయామం, మెదడుకి పని, గుండె జాగ్రత్తలు, అన్నిటికీ మళ్ళీమళ్ళీ రావాలి. అలాంటిది ఇక్కడ పెడితే, ముఠాలో చోటు పోతుందన్న భయం లేనివాళ్ళే మిగులుతారు. అంటే పింఛనుదారులు, పిల్లలు డబ్బు పంపేవాళ్ళు. తీరా వచ్చిన ఫలితాన్ని అందరికీ అంటగడతాం.

అందరూ ఉంటే ఏం తెలుస్తుందో చూపిన పని మన హైదరాబాదులోనే జరిగింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం రానివాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. వాళ్ళే ఆ లెక్కలో లేకపోతే అదంతా చదువు చలవ అనుకునేవాళ్ళం. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో 45 దాటిన పదివేల మంది పల్లెవాసులను ఏళ్ళ తరబడి గమనించే పనిని బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ తలకెత్తుకుంది. ఈ తీరంలోనూ అలాంటిది రావాలని నా కోరిక.

డబ్బిస్తే పేదవాణ్ణి ఎరవేసి పట్టినట్టు కాదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ భయం ఉత్తది కాదు. ఖమ్మం జిల్లాలో 2009లో ఒక అధ్యయనంలో భాగంగా ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి మనం మరిచిపోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దారి ఖర్చులు, పోయిన కూలి, పడ్డ ఇబ్బందికి పరిహారం ఇవ్వొచ్చంటాయి. ఆశపెట్టి ఒప్పించేంత ఇవ్వకూడదంటాయి. ఎంతివ్వాలో నైతిక సంఘం చూడాలి. నా మట్టుకు, పోయిన కూలి కట్టివ్వడం ఎర కాదు, బాకీ తీర్చడం. అది తోడొచ్చిన కూతురికీ చెందాలి. వచ్చిన రోజుదారోజే చేతికివ్వాలి. అంతా ఆఖర్న ఇస్తామంటే, మధ్యలో మానుకోవాలనుకున్న మనిషి డబ్బుకోసం ఉండిపోతుంది. వీలైనంత పని ఇంటికొచ్చి చేసుకుపోతే ఇంకా మేలు. లాసీ-డాడ్ వాళ్ళు ఆస్పత్రిలో కుదరనివాళ్ళను ఇళ్ళ దగ్గరే కలిశారు.

ఇదంతా చెప్పాక పెద్దామె లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో బి.పి. బిళ్ళలు, మాసిన చీటీలు. ఎప్పుడో ఒక శిబిరంలో రక్తం తీసుకున్నారట, ఏం తేలిందో చెప్పనే లేదట.

"మీవాళ్ళొస్తే కూలి ఇస్తారు సరే. రక్తం తీసుకుంటే కాయితం ఇస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. అడిగి చెబుతానన్నాను. వెనక్కి వచ్చేసరికి పెద్దమ్మ గిన్నె నిండింది. వంచడానికి చేట కోసం తడుముకుంటోంది. ఈసారి నేనే లేచి ఇంకాసిన్ని బియ్యం తెచ్చాను.